ఉప్పుగాలిలో ఉక్కు పిస్టల్

భీమవరం వైపు రొయ్యల చెరువులు పెట్టిన రైతు, అమలాపురంలో బంగారం కొట్టు నడిపే వ్యాపారి, సర్వీసు ముగించుకుని సొంతూరు చేరిన ఆర్మీ మనిషి. డెల్టాలో పిస్టల్ లైసెన్స్ కోసం వాకబు చేసేవాళ్లు ఎక్కువగా ఇలాంటివాళ్లే. కారణాలు ఎవరివి వాళ్లకుంటాయి గానీ, మనసులో ఉండే బొమ్మ మాత్రం దాదాపు ఒకటే. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నడుముకు వేలాడే నల్లటి, పెద్ద పిస్టల్. చేతిలో పెడితే మణికట్టును కిందికి లాగేంత బరువుండాలి. ప్లాస్టిక్ ఫ్రేమ్, అంటే పిడితో కలిసుండే చట్రం ప్లాస్టిక్‌తో చేసిన పిస్టళ్లు వచ్చి నలభై ఏళ్లు దాటినా, అసలు పిస్టల్ అంటే ఉక్కుదే అన్న అభిప్రాయం పోలేదు.

ఆ మోజు అర్థం లేనిదేం కాదు. ఉక్కు ఫ్రేముకు దాని గుణాలు దానికున్నాయి. కాకపోతే అది పుట్టిన చోటు వేరు, మన గాలి వేరు, మన చట్టం వేరు. గ్రిప్పులు, అంటే పిడికి రెండు పక్కలా ఉండే పలకలు, ఏ కర్రతో చేయించాలి, పైన ఏ పూత వేయించాలి అని నెలల తరబడి ఆలోచించే మనిషి, శ్రావణంలో దాన్ని ఎన్ని రోజులకోసారి తుడవాలో ఆలోచించడు. డెల్టాలో దాని ఆయుష్షు తేలేది ఈ రెండో విషయం దగ్గరే.

ముందు ఆ బొమ్మలోని పిస్టల్ సంగతి. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్నది పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ. కోల్‌కతా పక్కన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనదే అయినా దాని వంశం బెల్జియంలో ఉంది. అమెరికన్ డిజైనర్ జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి, పని పూర్తవకముందే 1926లో కన్నుమూస్తే, ఎఫ్ఎన్ కంపెనీలో డ్యూడోనె సేవ్ దాన్ని ఓ కొలిక్కి తెచ్చాడు. 1935లో హై పవర్ పేరుతో బయటికొచ్చింది. ఆ పేరు మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో, 13 తూటాలు పట్టడం వల్ల వచ్చింది. ఆ రోజుల్లో చాలా పిస్టళ్లలో ఏడో ఎనిమిదో పట్టేవి. రెండో ప్రపంచ యుద్ధంలో టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ దీన్ని తయారు చేసింది. యుద్ధమయ్యాక అదే కంపెనీ వాషింగ్ మెషీన్లు చేసుకుంది. మన 1ఏ ఆ ఇంగ్లిస్ నమూనాకు కొనసాగింపు.

దీనికి అన్న లాంటిది కోల్ట్ 1911. అదీ బ్రౌనింగ్ చేతిదే. 1911 మార్చిలో అమెరికా సైన్యంలో చేరి 1985 దాకా అధికారిక పిస్టల్‌గా ఉంది. .45 తూటా (అంగుళాల్లో దాని లావు), ఏడు గుళ్ల మ్యాగజైన్, ఖాళీగా ఉన్నా కిలో వంద గ్రాములు. ఆ స్థానంలోకి వచ్చిన బెరెట్టాది అల్యూమినియం ఫ్రేమ్. 1975 నాటి చెకోస్లొవేకియా సీజెడ్ 75 మళ్లీ పూర్తి ఉక్కు. మెటల్ ఫ్రేమ్ సర్వీస్ పిస్టల్ అని ప్రపంచమంతా ముద్దుగా చెప్పుకునే కుటుంబం దాదాపు ఇదే.

ఇక్కడే మొదటి నిరాశ. ఇన్‌స్పెక్టర్ నడుముకున్న ఆ 9 ఎంఎం మామూలు పౌరుడికి దొరకదు. మన ఆయుధ నిబంధనల్లో సర్వీస్ 9 ఎంఎం తూటా పేల్చగల పిస్టల్ నిషిద్ధ బోర్ కింద, అంటే మామూలు పౌరులకు ఇవ్వని తూటా కొలతల కింద ఉంది. .380, .455 రిమ్డ్ తూటాలవీ అంతే. నిషిద్ధ బోర్ లైసెన్స్ కలెక్టరాఫీసులో తేలే వ్యవహారం కాదు, కేంద్ర హోం శాఖ దాకా పోవాలి. ఎవరో సెకండ్ హ్యాండ్ 9 ఎంఎం ఇప్పిస్తానన్నారంటే అది బేరం కాదు, జైలు దారి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం పట్టుబడితే శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా.

చట్టప్రకారం చేతికొచ్చేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 సరుకు, అంటే అశని పిస్టల్, .32 రివాల్వర్లు. రెండోది పాత దిగుమతులు. 1980ల తర్వాత మామూలు మనుషులు విదేశీ తుపాకీ తెచ్చుకునే దారి మూసుకుపోయింది. అంతకుముందు వచ్చినవే లైసెన్స్ నుంచి లైసెన్స్‌కు చేతులు మారుతున్నాయి. .45 నిషిద్ధ బోర్ కాదు కాబట్టి పాత కోల్ట్ 1911 ఒకటి అలా దొరకొచ్చు. ధర లక్షల్లో ఉంటుంది. కొన్నాక తూటాల వేట మొదలవుతుంది, ఆ ఖర్చు వేరే లెక్క. దేశవాళీ .32 తూటా దొరికినంత తేలిగ్గా .45 దొరకదు. ఏడాదికి రెండు మ్యాగజైన్లు కూడా కాల్చని యజమాని చేతిలో ఎంత గొప్ప పిస్టలైనా బీరువాలోని వెండి కంచంతో సమానం.

ఇంతకీ ఉక్కు అంటే అంత మోజెందుకు? బరువు ఎక్కువైతే ఎదురుదెబ్బ తగ్గుతుంది, కారణం అదే. తూటా ముందుకు పోతుంటే పిస్టల్ వెనక్కి తంతుంది. అదే తూటాకు, పిస్టల్ ఎంత బరువైతే ఆ తన్ను అంత నెమ్మదిస్తుంది. ప్లాస్టిక్ ఫ్రేమ్ గ్లాక్ 17 ఖాళీ బరువు దాదాపు 630 గ్రాములు, హై పవర్‌ది దాదాపు 900. రెండూ 9 ఎంఎం పేల్చేవే. ఈ బరువుల్ని బట్టి లెక్క వేస్తే హై పవర్ చేతిలో తన్ను శక్తి సుమారు 30 శాతం తక్కువ. ఎక్కుపెట్టిన చోట నుంచి ముక్కు ఎక్కువ లేవదు, రెండో గుండుకు చూపు తొందరగా కుదురుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట. అసలు ఎదురుదెబ్బే తక్కువుండే .32లో ఈ లాభం అంతగా కనిపించదు. అంటే ఉక్కు నిజంగా పనికొచ్చే తూటా మనకు దొరకదు, దొరికే తూటాకు ఉక్కు అంత అక్కర్లేదు. ఈ మాట కొట్టులో అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

సరే, ఉక్కుది తీసుకున్నారనుకుందాం. డెల్టాలో దాని మొదటి శత్రువు దొంగ కాదు, గాలి. చూరులో దోపిన కొడవలి నాలుగు రోజుల ముసురుకే ఎర్రబడటం ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ గాలిలో ఉప్పు కూడా కలుస్తుంది. పిస్టల్ మీద కనిపించే ఆ నీలి నలుపు రంగు పెయింట్ కాదు. బ్లూయింగ్ అంటారు. ఉక్కు పైపొరనే ఒక పద్ధతిలో నల్లటి ఆక్సైడ్‌గా మార్చడం. మాటల్లో చెప్పాలంటే అది మనం కావాలని పట్టించిన మంచి తుప్పు. దానికి సన్నటి రంధ్రాలుంటాయి, నూనెను పట్టి ఉంచుతుంది. నూనె ఉన్నంతసేపే దాని కాపలా. నూనె ఆరిపోతే ఆ పొర ఉన్నా లేనట్టే.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో చూస్తే దాని కథంతా అర్థమవుతుంది. జులై సాయంత్రం ఎవరికో చూపించి, తుడవకుండా డ్రాయర్లో పెట్టిన పిస్టల్‌ని నాలుగు రోజులకు బయటికి తీసి, లైటు కింద పక్కకు వంచి చూడాలి. స్లైడ్ మీద, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే ఉక్కు భాగం మీద, బొటనవేలు పడ్డ చోట కోడిగుడ్డు ఆకారంలో లేత ఇటుకరంగు మచ్చ ఉంటుంది. కాస్త దగ్గరగా చూస్తే అందులో వేలిముద్ర గీతలు కూడా కనిపిస్తాయి. చెమటలోని ఉప్పు ఎంత పట్టిందో అంతమేరకే తుప్పు పట్టింది. రెండో చోటు గ్రిప్ పలకల కింద. పైకి కనపడదు. మరలు విప్పి పలక తీస్తే ఫ్రేమ్ మీద గోధుమరంగు పొడి రాలుతుంది. మూడోది ముందు మొన దగ్గర. ఒరలో పెట్టి తీసి, పెట్టి తీసి, అక్కడ నల్లపొర అరిగి తెల్ల ఉక్కు బయటపడుతుంది.

ఇంకో చిక్కు ఈ మధ్య వచ్చింది. లాకరు ఏసీ బెడ్‌రూమ్‌లో ఉంటోంది. చల్లబడ్డ ఉక్కును ఒక్కసారిగా వరండాలోకి తెస్తే కళ్లజోడు మీద పట్టినట్టే స్లైడ్ మీద చెమ్మ పడుతుంది. లోపలి స్ప్రింగుల మీదా పడుతుంది, అది కంటికి కనపడదు. బయటికి తీశాక దాని చలి పోనిచ్చి, విప్పి తుడిచి, అప్పుడు నూనె రాయాలి.

నూనె అంటే కోనసీమలో వెంటనే చేయి కొబ్బరినూనె మీదికి పోతుంది. వద్దు. సంక్రాంతి చలికి సీసాలో గడ్డకట్టేది పిస్టల్ లోపల మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? దాదాపు 24 డిగ్రీలకే అది బిగుసుకుంటుంది, దుమ్మును పట్టుకుని జిడ్డుముద్ద అవుతుంది. గన్ ఆయిల్ చేతిలో లేనప్పుడు పల్చటి కుట్టుమిషన్ నూనె నయం. అదీ చుక్కల లెక్కన. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో రెండు వారాలకోసారి పాత నూలుగుడ్డతో తుడవడం ఇక్కడి గాలికి తగిన లెక్క. లాకర్లో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచి పెట్టి నెలనెలా ఎండబెట్టుకోవాలి. తోలు ఒరలో పెట్టి మాత్రం దాచకూడదు. తోలు చెమ్మ పీలుస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో బూజు పడుతుంది. తోలు బెల్టులో గుచ్చి ఉంచిన తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పట్టేదీ అందుకే. లంక గ్రామాలవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకు, 2022 జులై వరద చూసినవాళ్లకు లాకరు నేలమట్టాన ఎందుకుండకూడదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వెంట తీసుకెళ్లడం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్ ఒరలోనో అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఆడించడం నేరం. నలుగురిలో మర్యాద పెరుగుతుందని చొక్కా పైకి లాగి పిడి కనపడనిచ్చే అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదాకు 2019 సవరణలో ప్రత్యేకంగా శిక్ష పెట్టారు. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెరువు గట్టు మీద నీటికాకుల్ని బెదిరించడానికి కూడా పిస్టల్ తీయకూడదు. ఆ పక్షులకు వన్యప్రాణి చట్టం అండగా ఉంది, ఆ పనికి టపాకాయ చాలు.

కప్పి మోయాలంటే బట్టలు కుదరాలి. కిలో పైచిలుకు ఉక్కును పంచెకట్టు మీద ఎక్కడ వేలాడదీస్తారు? లుంగీకైతే అసలు దారే లేదు. ప్యాంటు వేసుకున్నా, సన్నటి బెల్టు పిస్టల్ బరువుకు ఓ పక్కకు వాలిపోతుంది, గంటకోసారి పైకి లాక్కోవాలి. వెడల్పాటి గట్టి బెల్టు, నడుముకు కుడిపక్కన కాస్త వెనక్కి వంచిన ఒర, పైన వదులు చొక్కా. మే నెలలో తాడేపల్లిగూడెం ఎండలో ఈ వేషంతో మధ్యాహ్నం దాకా తిరిగినవాడికి బరువుతో పాటు ఒంటికి ఆనుకున్న ఉక్కు మీద కారిన చెమట కూడా గుర్తుంటుంది. అందుకే చాలామంది మొదటి వేసవి తర్వాత దాన్ని బీరువాకు అప్పగిస్తారు. కారు డ్యాష్‌బోర్డులో పడేసి తిరగడం మాత్రం బరువు తప్పించుకోవడం కాదు, దొంగకు దారి చూపించడం.

1911, హై పవర్ రెండూ సింగిల్ యాక్షన్. వెనక ఉండి తూటాను పేల్చే హ్యామర్ అనే భాగాన్ని వెనక్కి లాగి ఉంచితేనే మొదటి గుండు పేలుతుంది. అందుకని వాటిని మోసే పద్ధతి మీద ఎప్పటినుంచో వాదన ఉంది. ఛాంబర్లో, అంటే తూటా పేలే గదిలో, తూటా పెట్టి, హ్యామర్ ఎక్కుపెట్టి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి మోసేవాళ్లు ఒక జట్టు. ఛాంబర్ ఖాళీగా ఉంచి, అవసరమైతే స్లైడ్ లాగుతామనేవాళ్లు ఇంకో జట్టు. రోజూ సాధన చేసే సైనికుడికి మొదటిది కుదరొచ్చు. ఏడాదికి నాలుగుసార్లు ముట్టుకునే మనిషికి, ఇంట్లో మనవలు తిరిగే ఇంటికి రెండోదే సబబు. తూటా లోపలుండగా హ్యామర్‌ను బొటనవేలితో నెమ్మదిగా దించబోయి జారవిడవడం చిన్న పొరపాటేం కాదు. ఆ పని పెట్టుకోకపోవడమే తెలివి. ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్‌ని నిబంధనల్లో పెట్టింది ఊరికే కాదు, దాన్ని సంతకాల వ్యవహారంగా చూస్తే నష్టపోయేది లైసెన్సుదారే.

మోయడంలో డెల్టాకే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. లైసెన్స్ ఎంతమేర చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉందనుకోండి. ఆ మనిషి అమలాపురంలో బయల్దేరి, ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి గౌతమి దాటాడు. కాకినాడే కదా, పక్క ఊరే కదా అనుకుంటాడు. వారధి దిగింది యానాంలో. అది పుదుచ్చేరి. నడుముకున్న పిస్టల్‌కి అక్కడ చెల్లే కాగితం లేదు. ఆ ఊరు దాటి మళ్లీ ఆంధ్రలో అడుగుపెట్టేదాకా ఉన్న కొద్ది నిమిషాలూ అతను లైసెన్స్ లేకుండా ఆయుధం మోస్తున్నట్టే లెక్క. రావులపాలెం, రాజమహేంద్రవరం మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమో, లైసెన్స్ పరిధి పెంచుకోవడమో చేయాలి. లేదంటే పిస్టల్ ఇంట్లో పెట్టి వెళ్లాలి, అన్నిటికంటే తేలిక అదే.

సొంతానికి తగ్గట్టు మార్చుకోవడం గురించి. 1911కి ఉన్నన్ని విడిభాగాలు ప్రపంచంలో ఇంకే పిస్టల్‌కీ ఉండవేమో. ట్రిగ్గర్లు, గురి చూసే సైట్లు, వెడల్పు సేఫ్టీలు, చేతికి రక్షణగా వెనక తోక. వీటిలో కొన్ని షోకు కావు. పాత హై పవర్ హ్యామర్ వెనక్కి వచ్చేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని పట్టి కొరుకుతుంది. లావాటి చేతులవాళ్లకు రక్తం వస్తుంది. పాత సైట్లు మరీ సన్నం, యాభై దాటిన కళ్లకు ఆనవు. ఇవి దిద్దించుకోవాల్సిన లోపాలే. కానీ 1959 ఆయుధ చట్టంలో తుపాకీని మార్చడానికే కాదు, బాగుచేయడానికి కూడా లైసెన్స్ ఉండాలి. ఊళ్లో లేత్ మిషన్ ఉన్న మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఈ పనికి చేయి పెట్టకూడదు. మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటు హై పవర్‌లో ఉంటుంది, ట్రిగ్గర్ మెత్తబడుతుందని దాన్ని పీకించుకునేవాళ్లున్నారు. కాస్త మెత్తదనం కోసం ఒక రక్షణను వదులుకోవడం చెడ్డ బేరం.

అందరికీ తట్టే ఆలోచన పూత. నికెల్ వేయిస్తే మెరుస్తుంది, తుప్పు కూడా పట్టదు కదా అంటారు. ఇత్తడి సామాను మెరుగు పెట్టే షాపుకు తీసుకెళ్తే అక్కడ మూడు తప్పులు ఒకేసారి జరుగుతాయి. లైసెన్స్ లేని మనిషి చేతిలో ఆయుధం పెట్టడం మొదటిది. రెండోది, పూతకు ముందు బఫింగ్ చక్రం మీద రుద్దినప్పుడు సీరియల్ నంబర్ అంచులు అరిగి మసకబారడం. ఆ నంబర్ చెరిపినా మార్చినా నేరమే. చెరిపే ఉద్దేశం లేదని తర్వాత ఎవరికి నచ్చచెబుతారు? మూడోది లోహానికి సంబంధించింది. పూత తొట్టిలో గట్టి స్ప్రింగు ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే అది పెళుసుబారి ఓ రోజు పుటుక్కున విరుగుతుంది.

మిగిలేది గ్రిప్ పలకలు. నిజానికి చేతికి తేడా తెలిసేదీ వీటితోనే. 1911 పలకకు రెండేసి మరలు, హై పవర్‌కు ఒక్కోటి. విప్పి పాత పలకలు మాత్రమే నమూనాగా వడ్రంగికి ఇస్తే చాలు, పిస్టల్ ఇంటి గడప దాటక్కర్లేదు. బాగా ఆరిన రోజ్‌వుడ్, పాత టేకు రెండూ పనికొస్తాయి. పచ్చి కర్రతో చేస్తే వానాకాలంలో ఉబ్బి మర దగ్గర చీలుతుంది. పలక మందం ఒక్క మిల్లీమీటరు తగ్గినా పొట్టి వేళ్లకు ట్రిగ్గర్ దగ్గరవుతుంది. లోపలి వైపు పల్చగా వార్నిష్ వేయించుకుంటే పైన చెప్పిన ఆ గోధుమరంగు పొడి కొంత తగ్గుతుంది.

ఇంత చేసినా ఆ పిస్టల్ కొన్నాళ్లు యజమాని దగ్గర ఉండదు. ఎన్నికల కోడ్ వస్తే ఎవరెవరు ఆయుధాలు అప్పగించాలో స్క్రీనింగ్ కమిటీ తేలుస్తుంది. పేరు వస్తే స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. 2024లో కోడ్ మార్చి 16న మొదలై జూన్ మొదటి వారం దాకా నడిచింది. దాదాపు మూడు నెలలు, అదీ ఉక్కపోత నెలలు. అక్కడ దాన్ని విప్పి తుడిచే నాథుడుండడు. అందుకే ఇచ్చేముందు రోజు పలకలు విప్పి, లోపలా బయటా మామూలు కంటే మందంగా నూనె పట్టించి, తోలు ఒర ఇంట్లోనే ఉంచుకుని, నూనెగుడ్డలో చుట్టి ఇవ్వాలి. రసీదులో నంబర్ అంకె అంకె సరిచూసుకోవాలి.

యజమాని పోయాక కూడా ఇంచుమించు అదే వరస. లైసెన్స్ మనిషిది, ఇంటిది కాదు. తండ్రి పోయిన ఇంట్లో పిస్టల్ బీరువాలో అలాగే ఉండనివ్వడం, పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకోవడం మామూలే. కానీ ఆ రోజు నుంచి అది ఆ ఇంట్లో లైసెన్స్ లేని ఆయుధం. వెంటనే స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, వారసుడు తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. 2019 తర్వాత ఒక్కొక్కరికి రెండే ఆయుధాలు కాబట్టి, కొడుకు దగ్గర ఇప్పటికే రెండుంటే నాన్నగారి పిస్టల్ వేరే లైసెన్సుదారుకు అమ్మాల్సిందే. అప్పుడు కొనేవాడు అన్నిటికంటే ముందు గ్రిప్ పలకల మరలు విప్పి, వాటి కింద ఏముందో చూస్తాడు.